మేడమ్‌కి చెప్పకు

"తమ్ముడూ, సార్ లేరు."

మంగళవారం పొద్దున పదిన్నరకి సార్ భార్య, మా మేడమ్, ఫోన్ చేసి ఈ మూడు మాటలే అన్నారు. బహ్రెయిన్‌లో, సల్మాబాద్‌లోని మా వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు కింద నేను ఏసీ రాగి గొట్టానికి అతుకు పెడుతున్నాను. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో మంట.

"ఎటు పోయిండు మేడమ్? ఇయ్యాల బడి ఉంది గదా?" అన్నాను.

ఆవిడ చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా, "సార్ చనిపోయారు తమ్ముడూ. బళ్ళోనే," అన్నారు.

మంట ఆర్పాలని తోచలేదు. పక్కన పనిచేసే మలయాళీ భాయ్ వచ్చి నా చేతిలోంచి తీసుకుని ఆర్పాడు. "క్యా హువా భాయ్?" అని రెండుసార్లు అడిగాడు. ముందురోజు సాయంత్రమే ఆయన నాకు ఫోన్లో ఒక ఇంగ్లీషు పదం పంపి, దీనికి మీ జగిత్యాల మాటేంటో చెప్పు అన్నారు. నేనింకా చెప్పలేదు. నేను జవాబు బాకీ ఉన్న మనిషి ఎలా చనిపోతాడు? ఆ పూటంతా నా బుర్ర ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తిరిగింది.

జరిగింది తర్వాత ఒక టీచరు చెప్పాడు. తొమ్మిదో తరగతి పిల్లలకి పరీక్ష పెట్టి సార్ కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు రాసుకుంటున్నారు. గంట కొట్టినా ఆయన కాగితాలు అడగలేదు. ఇంకాస్త టైమిచ్చారనుకుని పిల్లలు సంతోషంగా రాస్తూనే ఉన్నారు. పది నిమిషాల తర్వాత లోపలికొచ్చిన తర్వాతి పీరియడు టీచరు ముందు ఆయన్ని పలకరించి, తర్వాత ముట్టుకుని, పిల్లలందరినీ బయటికి పంపేశాడు. సార్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ఏ జబ్బూ ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

మీలో ఎవరికీ మా సార్ తెలిసుండరు. ఆయన పుస్తకం అచ్చు వేయలేదు, సభల్లో మాట్లాడలేదు. తెనాలి పక్క పల్లెటూరి మనిషి. మనామాలో మన దేశపు పిల్లలు చదివే ఒక బడిలో ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పారు. నేను ఆ బడి పిల్లవాణ్ణి కాను, ఏసీ మెకానిక్‌ని. ఆయన దగ్గర నేను చదువుకున్న విధం వేరు.

ఏడేళ్ళ కిందట, జూన్‌లో, బుసైతీన్‌లో ఒక ఫ్లాట్‌లో ఏసీ నీళ్ళు కారుతున్నాయని కంపెనీ పంపింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు తీసిన మనిషి లుంగీలో ఉన్నారు, ముఖం చూస్తే ఇంట్లో ఎవరికో బాగోలేదేమో అనిపించింది. లోపల చూస్తే, తడిసిన పుస్తకాలు ప్రతి కుర్చీ మీదా తెరిచి ఆరబెట్టి ఉన్నాయి. మంచం మీద, స్టూలు మీద, బట్టల బీరువా మీద కూడా. కూర్చోవడానికి చోటు లేదు. నేను నిచ్చెనెక్కి పని చేస్తూ, పక్కన అలమార మీదున్న ఒక పుస్తకం పేరు కూడబలుక్కుని చదివాను. ఆయన విన్నారు.

"ఎంతవరకు చదివావయ్యా?"

"బీఏ రెండేండ్లు సార్. మూడో ఏడు దుబాయి అచ్చిన."

"ఇది దుబాయి కాదుగా. బహ్రెయిన్."

"మా ఊర్లె అన్నీ దుబాయే సార్."

ఆయన నవ్వలేదు. తడి పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుని, "ఈ నవలల్లోనూ అంతే," అన్నారు. "మద్రాసు అయినా కలకత్తా అయినా వీళ్ళకి అన్నీ ఇండియానే. తండ్రి ఇండియా వెళ్ళాడంటే కథలోంచే వెళ్ళిపోయినట్టు. ఇక ఉత్తరాలు వస్తాయి, డబ్బు వస్తుంది, మనిషి రాడు. పిల్లలు మేనత్తల ఇళ్ళల్లో పెరుగుతారు."

నిచ్చెన మీద నా చేతులు ఆగిపోయాయి. అప్పటికి నా కొడుక్కి పదకొండేళ్ళు. వాడు పుట్టాక నేను వాడితో కలిసి ఉన్న రోజులన్నీ కలిపితే ఏడాది నిండదు. నన్నెరగని ఈ మనిషి, నూటయాభై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని, మా ఇంటి సంగతి చెబుతున్నాడేమిటి అనిపించింది. పని అయ్యాక ఆయన టీ ఇచ్చి, "వచ్చే శుక్రవారం ఖాళీయేనా?" అన్నారు. ఏసీ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటానికి పిలుస్తున్నారనుకున్నాను. వెళితే పుస్తకం తెరిచి కూర్చున్నారు.

అవి విక్టోరియా రాణి కాలపు నవలలు. ఆయన ఊళ్ళో లెక్చరరుగా ఉన్నప్పుడు వాటి మీద పరిశోధన మొదలుపెట్టి, సగంలో వదిలేసి ఇక్కడికి వచ్చారు. ఆ కాలపు కథల్లో మగతనం అంటే ఏమిటి, సిపాయిని ఎలా చూపించారు, తండ్రిని ఎలా చూపించారు, ఇదీ ఆయన ఎంచుకున్న విషయం. రాసిన కాగితాలు నీలం అట్ట ఫైలులో ఉండేవి. సెలవులు వచ్చినప్పుడల్లా తీసి, రెండు పేజీలు కొట్టేసి, ఒక పేజీ రాసి, మళ్ళీ కట్టేసేవారు.

శుక్రవారం ఇక్కడ సెలవు, పొద్దున ఆయనా మేడమూ మనామాలో తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థనకి వెళ్ళొచ్చేవారు. భోజనాలయ్యాక నేను బస్సు దిగేవాణ్ణి. మేడమ్ ఆసుపత్రిలో నర్సు. ఆవిడకి డ్యూటీ ఉన్న రోజు సారే వండేవారు. పప్పుచారులో మునక్కాడలు లేకపోతే, "ఇవాళ పప్పుచారు పరీక్ష తప్పింది," అనేవారు. ఒక పేజీ ఇంగ్లీషులో గట్టిగా చదివి, పుస్తకం మూసి, వేలు ఆ పేజీలోనే ఉంచి, తెలుగులో చెప్పేవారు. కథ చెబుతున్నప్పుడు లేచి నడిచేవారు. గంభీరమైన తండ్రి వచ్చాడంటే వీపు నిటారుగా పెట్టి కిటికీ వైపు తిరిగి, పిల్లలకి వీపుతోనే జవాబు చెప్పేవారు.

"సాయంత్రం పూట పిల్లల మొహాలు కడిగి, జుట్టు దువ్వి, తండ్రి గదిలోకి పంపిస్తారు. పావుగంట. ఆయన పాఠం అడుగుతాడు, తల మీద చెయ్యి వేస్తాడో వెయ్యడో, అయిపోయింది. ఆ పావుగంట కోసం పిల్ల రోజంతా బతుకుతుంది," అన్నారు ఒకసారి. "ఆ పిల్ల జబ్బు చేసి మంచం పట్టిందనుకో, అప్పుడు తండ్రి మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు. పిల్ల చావు దాకా వస్తే తప్ప తండ్రికి ఏడిచే అనుమతి లేదయ్యా ఈ పుస్తకాల్లో."

సిపాయిల గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. "యుద్ధం ఎక్కడుందో చూపించు చూద్దాం. వెళ్ళేటప్పుడు బ్యాండు మేళం, వచ్చేటప్పుడు కర్రకాలు. మధ్యలో ఏం జరిగిందో వాడు చెప్పడు, ఎవరూ అడగరు. చెప్పకపోవడమే మగతనం."

"మరి మంచి తండ్రులే లేరా సార్ వీండ్ల కథలల్ల?" అని అడిగాను.

"ఉన్నారు. కాకపోతే చాలామందికి పిల్లల్లేరు," అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరచి చెప్పారు. ఆ నవలల్లో పిల్లల్ని ఎత్తుకునేది, వాళ్ళ జ్వరానికి రాత్రంతా మేలుకునేది, బొమ్మలు చెక్కి ఇచ్చేది ఎవరంటే పింఛను మీద బతికే ముసలి సిపాయో, పెళ్ళికాని గుమాస్తానో. కథలో వాళ్ళు పక్కన నిలబడే మనుషులు. అసలు తండ్రికి ఇవ్వడానికి భయపడిన మెత్తదనమంతా ఆ రచయితలు వాళ్ళకి ఇచ్చారని సార్ వాదన. ఇరవై రెండేళ్ళుగా పూర్తికాని ఆ ఫైలులో ఉన్నది ఇదే.

ఆయన మాత్రం దూరంగా నిలబడిన తండ్రి కాదు. మేడమ్ నైటు డ్యూటీలకి వెళ్ళే ఏళ్ళలో కూతురికి రెండు జడలు వేసి బడికి తీసుకెళ్ళింది ఆయనే. జడలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేవని ఆ అమ్మాయి, ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది, సెలవుల్లో వచ్చినప్పుడు నాతో చెప్పి నవ్వింది. "మా నాన్న నేర్పలేదుగా, నేనే కనిపెట్టుకున్న జడ అది," అన్నారు సార్. ఆయన మాటలో ఎక్కడో ఒక ముల్లు ఉందని నాకప్పుడు తెలియదు. తెలిసింది నా కొడుకు విషయంలో.

వాడు ఇంటర్ అయ్యాక సైన్యంలో చేరాలని నా కోరిక. వాడిది కాదు, నాది. మా వీధిలో ఒక పిల్లవాడు సెలవుకి యూనిఫారం సంచితో ఆటో దిగితే ఊరు ఊరంతా చూడటం నేను కళ్ళారా చూశాను. ఇక్కడ పాతికేళ్ళు ఇంటింటికీ నిచ్చెన మోసిన నాకు, నా కొడుకు అలా ఆటో దిగడం చూడాలని ఉండేది. ఎంపిక రోజు పరుగులో వాడు ఆఖరి చుట్టులో ఆగిపోయాడు. ఫోన్ చేశాను. స్పీకరు పెట్టి ఉందని, ఇంట్లో అందరూ వింటున్నారని తెలిసే అన్నాను.

"ఆడివిల్లలు సుత ఉరుకుతుండ్రు. నువ్వు మొగపుట్టుక పుట్టినవారా?"

వాడు ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంటామె మాత్రం మాట్లాడింది. "పోరడు సరిగ తింటలేడు. ఏండ్లకేండ్లు ఆడ కూసున్నవు, ఇప్పుడు ఫోన్ల మొగతనం నేర్పుతున్నవా?" అంది.

ఆ శుక్రవారం సార్‌కి చెప్పాను. నావైపు మాట్లాడతారనే అనుకున్నాను. ఆయన పుస్తకం మూసేశారు. ఈసారి వేలు పేజీలో ఉంచలేదు. ఎడమ చేయి నా ముందుకు చాపారు.

ఆ చేయి పూర్తిగా సాగదు. మోచేతి దగ్గర వంకరగా ఆగిపోతుంది. పుస్తకాన్ని ఆ వంకరలోనే పెట్టుకుని పాఠం చెప్పేవారు కాబట్టి, అది ఆయన అలవాటనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మా నాన్న సిపాయి," అన్నారు. "ఏడాదికి ఒకసారి ఇనపపెట్టెతో వచ్చేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆయన సెలవులో ఉండగా సైకిలు మీంచి పడ్డాను. చెయ్యి విరిగింది. నోరు తెరిచానో లేదో, సిపాయి కొడుకువిరా, ఏడవకు అన్నాడు. ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి ఎవరూ విరిగిందనుకోలేదు. పసుపు పట్టు వేశారు. ఆయన మెచ్చుకుని రైలెక్కి వెళ్ళిపోయాడు. చెయ్యి ఇలా అతుక్కుంది. అర్థమవుతోందా? ఏడిచి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు."

నేను తల వంచుకున్నాను.

"ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నా ముందు."

"ఏమనాలె సార్?"

"తప్పు మాట అన్నానని చెప్పు. సారీ అని ఇంగ్లీషులో తప్పించుకోకు. తెలుగులో చెప్పు, కష్టంగా ఉంటుంది."

నిజంగానే కష్టంగా ఉంది. మా ఇంటామె బలవంతాన వాడి చేతికి ఫోనిచ్చింది. ఊపిరి వినిపిస్తోంది, మాట లేదు. "బిడ్డా, ఆ రోజు నేను తప్పు మాట అన్న," అన్నాను. సార్ నావైపు చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. చాలాసేపటికి వాడు అన్నాడు.

"బాపూ, ఆ రోజు నాకు జరం ఉండె. చెప్తె నువ్వు తిడ్తవని చెప్పలే. జరంతోనే ఉరికిన."

నేను ఏడ్చాను. పరాయి ఇంట్లో, సార్ వింటుండగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఫోన్ పెట్టేశాక ఆయన నాకు నీళ్ళిచ్చి, "చూశావా, దాచడం మనమే నేర్పుతాం. వాళ్ళు మనకంటే బాగా నేర్చుకుంటారు," అన్నారు. ఇప్పుడు నా కొడుకు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాడు. జలుబు చేసినా నాకు చెబుతాడు. అది మా సార్ నాకు ఇచ్చిపోయింది.

ఇలాంటి మనిషి గురించి ఇప్పుడు చెప్పబోయేది రాయాలంటే నా చెయ్యి ఆడటం లేదు.

ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు, శుక్రవారం. నేను వచ్చేసరికి ఆయన కింద దుకాణంలో పాలు, కొత్తిమీర కొనుక్కుని మెట్ల దగ్గర కనిపించారు. సంచీ నేను తీసుకున్నాను. రెండో అంతస్తు దాటాక వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే సార్ రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. కుడి చెయ్యి చొక్కా గుండీల మీద ఉంది. నుదుటి మీద చెమట. అది జనవరి నెల, నేను స్వెటరు వేసుకుని ఉన్నాను.

"ఏమైంది సార్?"

ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. నాలుగైదు నిమిషాలు అలాగే ఉన్నారు. ఎడమ చెయ్యి రుద్దుకున్నారు. తర్వాత మెల్లగా నవ్వి, "గ్యాసయ్యా. పొద్దున ఇడ్లీలు ఎక్కువ తిన్నాను," అన్నారు. మళ్ళీ మెట్టు ఎక్కబోతూ ఆగి, "మేడమ్‌కి చెప్పకు. డ్యూటీ చేసి అలిసిపోయి వస్తుంది. పిల్లల పరీక్షలయ్యాక నేనే చెబుతాను," అన్నారు.

గ్యాసయితే పరీక్షలయ్యాక చెప్పడమెందుకని నేను అడగలేదు. "సరే సార్," అన్నాను. నా మీద నమ్మకంతో ఒక మాట చెప్పారని లోపల గర్వపడ్డాను కూడా. పైకెళ్ళాక మేడమ్ తలుపు తీశారు. "ఇంతసేపా?" అన్నారు. సార్ నావైపు చూశారు. "దుకాణంల రష్ ఉండె మేడమ్," అన్నాను. ఆ అబద్ధం చెప్పింది నేను. ఆయన కాదు.

గురువారం సాయంత్రం మనామాలో సంఘం వాళ్ళు ఆయన కోసం ప్రార్థన పెట్టారు. నేను హిందువుని, చివరి వరసలో కూర్చున్నాను. మా కంపెనీ పనివాళ్ళుండే క్యాంపు నుంచి ఇంకో ఇద్దరు నాతో వచ్చారు. ముందువరసలో మేడమ్ తెల్లచీరలో కదలకుండా కూర్చున్నారు. మంగళవారం నుంచి ఆవిడ ఏడవలేదని, కాగితాల పనులన్నీ తనే తిరిగి చేయించుకుందని నా పక్కాయన గొణిగాడు.

పాస్టరుగారు మంచిమనిషి. సార్‌తో పదేళ్ళ స్నేహం. "మన సహోదరుడు ఒక సైనికుడి కుమారుడు. సైనికుడిలాగే వెళ్ళిపోయాడు. తన విధిలో ఉండి, కుర్చీలో కూర్చుని, ఎవరికీ భారం కాకుండా వెళ్ళిపోయాడు," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

మేడమ్ లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, క్షమించండి. ఆ మాట అనకండి," అన్నారు. ఆవిడ హ్యాండుబ్యాగు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి తీశారు. "ఇది ఆయన బడి సంచీలో, టిఫిన్ డబ్బా అడుగున దొరికింది. మూడు వారాల కిందట ఒక్కరే క్లినిక్‌కి వెళ్ళారు. గుండె డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళమని రాసి ఉంది. వెంటనే అన్న మాట కింద గీత కూడా ఉంది. నేను ముప్పై ఏళ్ళ నుంచి నర్సుని అయ్యగారూ. ఊరూపేరూ తెలియనివాళ్ళ గుండె చూస్తాను రోజూ. మూడు వారాలు నా పక్కనే అన్నం తిన్నారు. భారం కాకుండా వెళ్ళారంటారేంటి? భారం అవ్వాల్సింది. నా మీద వెయ్యాల్సింది ఆ భారం. ఇంకెవరి మీద వేస్తారు?"

కూర్చుని అప్పుడు ఏడ్చారు. అంత పెద్ద గొంతుతో ఒక మనిషి ఏడవడం నేను ఇక్కడికొచ్చాక వినలేదు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పాస్టరుగారు పుస్తకం మూసి, మెట్టు దిగి వచ్చి, కింద నేల మీద ఆవిడ కుర్చీ పక్కన కూర్చున్నారు.

నేను లేచి ఆ మెట్ల సంగతి చెప్పాల్సింది. చివరి వరసలోనే కూర్చుండిపోయాను. మూడు వారాల పాటు దాచింది ఆయన. చివరి నాలుగు రోజులు దాచింది మేమిద్దరం. శుక్రవారం నేను నోరు తెరిచి ఉంటే, ఆ మధ్యాహ్నమే ఆవిడ ఆయన్ని టాక్సీ ఎక్కించి ఉండేవారు. ఇది నా ఊహ కాదు. ఆవిడని ఏడేళ్ళుగా చూస్తున్నాను, అలాగే చేసి ఉండేవారు.

ఆయన ఎందుకు చెప్పలేదు? ఈ నాలుగు రోజులూ ఇదే ఆలోచన. భయమా? పరీక్షల వంకా? జీవితమంతా ఒక అబద్ధాన్ని పుస్తకాల్లో వెతికి పట్టుకున్న మనిషి, అది తన మీదికి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదా? గుర్తుపట్టి కూడా, తొమ్మిదేళ్ళప్పుడు విన్న మాటని దాటలేకపోయారా? నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే సార్ ఎర్ర ఇంకుతో గీత పెట్టి, "రుజువేది?" అని అడిగేవారు.

సార్‌ని ఊరికి చేర్చే విమానం శనివారం మధ్యాహ్నం. మేడమ్ కూడా అదే విమానంలో వెళుతున్నారు. అటునుంచి కూతురు వచ్చి విజయవాడ దారిలో కలుస్తుందన్నారు. మా ఫోర్‌మన్ ఏమీ అనకుండా సెలవిచ్చాడు. బడి వ్యానులో టీచర్లతో పాటు ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. సార్ ఉన్న పెట్టె సామాను వైపు వెళ్ళిపోయింది. మేము చూసింది ఒక మూసిన తలుపే. టీచర్లు ఒక్కొక్కరే మేడమ్ చేతులు పట్టుకుని పక్కకి జరిగారు. చివరికి నేను మిగిలాను.

"మేడమ్," అన్నాను. తెలుగులో చెప్పు, కష్టంగా ఉంటుంది అన్న మనిషి పెట్టెలో ఉన్నారు. "పోయిన శుక్కురారం సార్ మెట్ల మీద ఆగిండు. ఛాతి పట్టుకున్నడు. మీకు చెప్పద్దన్నడు. నేను చెప్పలే. దుకాణంల రష్ ఉండెనని మీకు అబద్ధమాడిన."

చెంప మీద కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ నన్ను కదలకుండా చూశారు.

"ఎంతసేపు ఆగారు?"

"నాలుగైదు నిమిషాలు మేడమ్."

"చెమట పట్టిందా?"

"పట్టింది."

"చెయ్యి?"

"ఎడమ చెయ్యి రుద్దుకున్నడు. గా వంకర చెయ్యే గదా, ఎప్పుడు నొస్తనే ఉంటదేమో అనుకున్న."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "నేనూ అదే అనుకున్నాను తమ్ముడూ. చలికాలం కదా, పాత దెబ్బ లాగుతోంది అన్నారు. రెండుసార్లు ఆ చేతికి నూనె రాశాను," అన్నారు.

మా ఇద్దరి మధ్య నుంచి సామాను బళ్ళు నెట్టుకుంటూ జనం వెళుతున్నారు. ఆవిడ కళ్ళు తెరిచారు. ఆవిడ నా ముఖం వైపు చూస్తున్నారు కానీ, చూపు మారింది, రోగిని చూసే నర్సు చూపది.

"నీకెన్నేళ్ళు?"

"నలభై ఆరు మేడమ్."

"మీ నాన్న ఉన్నారా?"

"లేడు మేడమ్. యాభై రెండేండ్లకే పోయిండు. గుండెనొప్పి అన్నరు."

"మెట్లెక్కితే నీకు ఆయాసం వస్తుందా?"

ఏం లేదు మేడమ్, మంచిగున్న అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందో చెప్పలేను.

"వస్తది మేడమ్. రెండు నెలలాయె. నిచ్చెన మోసినంక కాసేపు కూసుంటున్న. ఎవలకు చెప్పలే."

ఆవిడ పాస్‌పోర్టు సంచీ చంకలో పెట్టుకుని, నా కుడి చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించారు. మైకులో ఆవిడ విమానం పేరు పిలిచారు. లోపలికి రమ్మని గాజు తలుపు దగ్గర మనిషి చెయ్యి ఊపుతున్నాడు. ఆవిడ అటు చూడలేదు. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. తలవంచి తన చేతి గడియారం వైపే చూస్తూ, పెదవులు మాత్రం కదుపుతూ, నిమిషం పూర్తయ్యేదాకా లెక్కపెడుతూనే ఉన్నారు.